సంగీతం మందా, మాటా?

1

కళ కళకోసమా, ప్రజలకోసమా అన్న వాదం తెలుగుదేశంలో ఒక తరమంతా సాగింది. ఆ వాదంలో అభ్యుదయ రచయితలు ఏ పక్షాన నిలిచారో మళ్ళీ చెప్పనవసరం లేదు. అయితే ఈ రెండు పక్షాలకూ చెందని మూడో వాదమొకటి ఇటీవలి కాలంలో చడీచప్పుడూ లేకుండా బలపడుతున్నది. కళ మందుకోసం అనేదే ఆ వాదం. సంగీతం వింటే రక్తపోటు తగ్గుతుందనీ, జ్ఞాపకశక్తి పెరుగుతుందనీ, చంటిపిల్లలకు తెలివి అబ్బుతుందనీ నిత్యం వింటున్నాం. చూడటానికి ఇది కూడా ప్రయోజనవాదమే. కళకు సాంఘిక ప్రయోజనం ఉండాలని మనమూ అన్నాం గనుక, ఇదీ మన మాటే గదా అని కొందరు మిత్రులు అనుకునే ప్రమాదం ఉన్నది. అందుచేత ఈ మూడో వాదాన్ని విమర్శకు పెట్టటం అవసరం.

ఊరికే సూత్రాలు వల్లించుకోవటం కంటె ఒక నిర్దిష్టమైన విషయాన్ని తీసుకుని పరిశీలించటం మేలు. ఆటిజం ఉన్న చిన్నపిల్లల చదువుకూ క్షేమానికీ సంగీతం ఎట్లా తోడ్పడుతున్నదన్నది అటువంటి విషయం. ఆటిజం అంటువ్యాధి కాదు. మందుతో కుదిరే రోగమూ కాదు. పుట్టుకతోనే వచ్చే ఎదుగుదల తేడా అది. ఈ పిల్లలలో కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయి, కొందరికి అసలే రావు. ఎదుటివారితో కళ్ళు కలపటం, సైగలు అందుకోవటం, వంతులవారీగా మాట్లాడుకోవటం కష్టమౌతుంది. ఒకే పనిని మళ్ళీమళ్ళీ చేయటంలో ఊరట ఉంటుంది. చప్పుళ్ళూ, వెలుతురూ, స్పర్శా అందరికీ తగిలినట్లు వీరికి తగలవు. ఈ పిల్లల ముందు వాద్యం పట్టుకుని కూర్చున్నవారు గత 70 సంవత్సరాలలో ఏంచేశారు, ఏం రాశారు, ఏం నిరూపించారు? అందులో మనం స్వీకరించవలసిందేమిటి, తిరస్కరించవలసిందేమిటి? ఇదీ ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

2

ఆటిజం చరిత్రను 1943లో అమెరికా వైద్యుడు లియో కానర్ రాసిన వ్యాసంతో మొదలుపెట్టటం వాడుక. కాని అంతకు 18 సంవత్సరాల ముందే, 1925లో, మాస్కోలో పనిచేస్తున్న సోవియట్ వైద్యురాలు గ్రూన్యా సుఖరేవా ఆరుగురు మగపిల్లలను గురించి రాసిన వ్యాసంలో దాదాపు ఈ లక్షణాలనే వర్ణించింది. మరుసటి సంవత్సరం అది జర్మను భాషలో వచ్చింది. ఇంగ్లీషులోకి రావటానికి మాత్రం 1996 దాకా ఆగవలసి వచ్చింది. సుఖరేవా ఆ పిల్లలను ఆస్పత్రి మంచంమీద ఒక పూట చూసి వదలలేదు. చికిత్సతోపాటు చదువు కూడా చెప్పే బడిలో వారి నడవడిని చాలాకాలం గమనించింది. ఆ పిల్లలలో సంగీతాభిరుచి, స్వరాన్ని పట్టుకునే నైపుణ్యం తరచుగా కనిపించినట్లు ఆమె నమోదు చేసింది.

కానర్ చూసిన 11 మంది పిల్లలలోనూ ఇదే సంగతి బయటపడింది. ఏడాది వయసుకే అనేక పాటల వరసలు తప్పు లేకుండా పాడినవాడొకడు. ఏడాదిన్నర వయసుకే 18 సింఫనీలను వేరువేరుగా గుర్తుపట్టినవాడొకడు. ఇక్కడ పాఠకులకు ఒక ప్రశ్న కలగాలి. ఏడాదిన్నర బిడ్డకు 18 సింఫనీలు వినిపించగలిగిన ఇల్లు ఎటువంటి ఇల్లు? కానర్ దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులు చాలావరకు ఉన్నత విద్యావంతులు, ఉద్యోగస్థులు. దీనినిబట్టి ఆటిజం చదువుకున్నవారి ఇళ్ళలోనే పుడుతుందనీ, తల్లిదండ్రుల మనసులో వెచ్చదనం లేకపోవటమే దానికి కారణమనీ ఒక సిద్ధాంతం ప్రచారంలోకి వచ్చింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఒక పెద్ద గ్రంథంలో దానిని స్థిరపరచబోయాడు. వేలాదిమంది తల్లులు చేయని నేరానికి కుమిలిపోయారు. చివరకు 1980లో బ్రిటిష్ వైద్యురాలు లోర్నా వింగ్ అసలు గుట్టు విప్పింది. ఆటిజానికి వర్గభేదం లేదు. భేదమంతా నిపుణుడి గుమ్మం దాకా రాగలిగినవారికీ, రాలేనివారికీ మధ్య ఉన్నది. శాస్త్రం పేరిట చెలామణీ అయ్యేదానిలో కూడా వర్గ దృష్టి ఎట్లా చొరబడుతుందో తెలుసుకోవటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు.

మరొక అపోహ కూడా ఇదేవిధంగా తొలగిపోయింది. ఈ పిల్లలు స్వరాన్ని యంత్రంలాగా పట్టుకుంటారే గాని అందులోని భావం వారికి అందదు అని అనుకునేవారు. 1999లో పమేలా హీటన్, తన సహచరులతో కలిసి, పాశ్చాత్య సంగీతంలోని మేజర్, మైనర్ స్వరక్రమాలలో చిన్నచిన్న వరసలు వినిపించి, సంతోషంగా ఉన్న ముఖమూ విచారంగా ఉన్న ముఖమూ చూపించి, ఏ వరసకు ఏ ముఖం తగునో చెప్పమన్నది. ఆటిజం ఉన్న పిల్లలు తక్కిన పిల్లలతో సమానంగానే చెప్పారు. మనిషి ముఖంలో చిక్కని భావం పాటలో చిక్కుతున్నదన్న మాట. సంగీతం ఈ పిల్లలకు మూసిన తలుపు కాదన్నది నిస్సందేహం. ఆ తలుపులోంచి ఎవరు, ఎందుకు లోపలికి పోతున్నారన్నదే ప్రశ్న.

3

1958లో పాల్ నార్డాఫ్ అనే అమెరికన్ స్వరకర్త, అక్కడి బార్డ్ కళాశాలలో ఆచార్యుడు, సెలవుమీద ఐరోపాలో తిరుగుతూ ఇంగ్లండులోని సన్‌ఫీల్డ్ అనే వికలాంగ బాలల గృహానికి వెళ్ళాడు. క్లైవ్ రాబిన్స్ అక్కడ ఉపాధ్యాయుడు. 1959 నుండి వారిద్దరూ కలిసి పనిచేశారు. నార్డాఫ్ ఉద్యోగాన్ని వదలుకున్నాడు. ఒకరు పియానో ముందు, మరొకరు పిల్లవాడి పక్కన కూర్చునే ఆ పద్ధతి వారి పేరుతోనే లోకానికి తెలిసింది. దాదాపు అదే కాలంలో, 1958లో, బ్రిటన్‌లో చెల్లో విద్వాంసురాలు జూలియెట్ ఆల్విన్ సంగీత చికిత్సకు ఒక సంఘాన్ని స్థాపించింది. ఆటిజం పిల్లలతో తన అనుభవాన్ని 1978లో పుస్తకంగా తెచ్చింది.

నార్డాఫ్, రాబిన్స్‌ల పనిలో గొప్పతనం ఎక్కడున్నది? వారు పిల్లలకు పాటలు వినిపించటంలో లేదు; నేర్పించటంలోనూ లేదు. పిల్లవాడు చేసిన చప్పుడును సంగీతంగా స్వీకరించి, దానికి సంగీతంతోనే జవాబివ్వటంలో ఉన్నది. 1977లో వెలువడిన వారి గ్రంథంలో వర్ణించిన ఒక సన్నివేశం ప్రసిద్ధమైనది. ఐదేళ్ళు దాటిన పిల్లవాడొకడు గదిలో ఏడుస్తూ కేకలు పెడుతున్నాడు. నార్డాఫ్ ఊరుకోమనలేదు. ఆ కేక ఏ శ్రుతిలో ఉన్నదో అందుకుని పియానోమీద దానికి తగిన స్వరాలు పలికించాడు. కొంతసేపటికి ఆ కేకలకూ పియానోకూ మధ్య ఇచ్చిపుచ్చుకోవటం మొదలైంది. మన సంగీతజ్ఞుల భాషలో చెప్పాలంటే ఇది మనోధర్మ సంగీతం. అయితే ఇక్కడ రాగం ఎన్నుకునేది విద్వాంసుడు కాదు, పిల్లవాడు.

ఇది మన పాఠకులకు కొత్త విషయమేమీ కాదు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడిన తరువాత నాజర్ వంటి కళాకారులు జనంలోకి తీసుకుపోయిన బుర్రకథను తలచుకోండి. తంబుర పట్టిన కథకుడు ఒక చరణం అందుకుంటాడు; గుమ్మెటలు పట్టిన వంతలు దాన్ని అందుకుని తిప్పి ఇస్తారు. వంత లేకపోతే కథకుడి మాట గాలిలో కలిసిపోతుంది. వంత పాడటం అనే మాటను మనం నిందార్థంలో వాడతాం గాని, కథ నిలబడేది వంతమీదనే. నార్డాఫ్ చేసిందల్లా పెద్దవాడు కథకుడి చోటు ఖాళీచేసి వంత చోటికి రావటం. బడిలో, ఆస్పత్రిలో, ఇంట్లో ఎప్పుడూ ఇతరుల ఆజ్ఞలకు లోబడే పిల్లవాడు ఆ అరగంట కథకుడౌతాడు. వాడు డప్పుమీద ఒక దెబ్బ వేస్తే జవాబు వస్తుంది. ఆపితే నిశ్శబ్దం కూడా జవాబుగా వస్తుంది. తన చేత వల్ల ఎదుటి మనిషిలో మార్పు వస్తున్నదని వాడికి తెలుస్తుంది. మాట పుట్టటానికి ముందు ప్రతి శిశువూ తల్లితో ఆడుకునే ఆట ఇదే.

పని ఇంత భౌతికంగా, ఇంత స్పష్టంగా ఉంటే, దానికి వారు చెప్పిన వ్యాఖ్యానం మాత్రం భావవాదంలో మునిగింది. ప్రతి బిడ్డలోనూ వైకల్యానికి అందని ఒక 'సంగీత శిశువు' దాగి ఉంటాడనీ, చికిత్సకుడు ఆ శిశువును మేలుకొలుపుతాడనీ వారు రాశారు. సన్‌ఫీల్డ్ గృహం రుడాల్ఫ్ స్టైనర్ ఆధ్యాత్మిక తత్వాన్ని అనుసరించినదన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ భావన వేళ్ళు ఎక్కడున్నాయో తెలుస్తుంది. లోపల దాగిన శిశువు స్వచ్ఛమైనవాడనుకుంటే, బయట కనిపించే పిల్లవాడు, చేతులు ఆడించేవాడు, చెవులు మూసుకునేవాడు, ఒక తొడుగు మాత్రమే అవుతాడు. తొడుగును తీసి పారెయ్యాలనే కోరిక అక్కడినుంచే పుడుతుంది. వారి ఆచరణను తీసుకుని ఈ వ్యాఖ్యానాన్ని వదిలెయ్యటం మంచిది. సంగీతం పిల్లవాడి లోపల దాగి లేదు. ఇద్దరి మధ్య తయారవుతున్నది.

మరొక సందేహం కూడా ఉన్నది. ఏడుస్తున్న బిడ్డ ఏడుపును శ్రుతి చేయటం ఎప్పుడూ న్యాయమేనా? వాడు ఆ గదిలోంచి పోనిమ్మని అడుగుతున్నాడేమో. వంతకు చెవి ముఖ్యం. వద్దన్న కేకకు సరైన జవాబు తలుపు తియ్యటమే.

4

ఇక నిరూపణ సంగతి. భక్తులు చెప్పే మాటలమీద శాస్త్రం నిలబడదు. 2011 నుండి 2015 వరకు తొమ్మిది దేశాలలో పిల్లలను చేర్చుకుని సాగించిన ఒక పెద్ద పరిశోధన ఫలితం 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బ్రెజిల్, ఇజ్రాయెల్, ఇటలీ, కొరియా, నార్వే, బ్రిటన్, అమెరికాలకు చెందిన 364 మంది పిల్లలు ఇందులో ఉన్నారు. వయసు నాలుగేళ్ళు నిండి ఏడేళ్ళు నిండనివారు. చీట్లు తీసినట్లుగా వారిని రెండు సగాలు చేశారు. 182 మందికి మామూలు సేవలూ, తల్లిదండ్రులకు సలహాలూ అందాయి. తక్కిన 182 మందికి వీటితోపాటు మనోధర్మ పద్ధతిలో సంగీత చికిత్స కూడా ఐదు నెలలు జరిగింది. కొందరికి వారానికి ఒకసారి, కొందరికి మూడుసార్లు. ఐదు నెలల తరువాత, ఎవరికి సంగీతం అందిందో తెలియని నిపుణులు పిల్లల సాంఘిక ప్రవర్తనా లక్షణాలను కొలిచారు. రెండు జట్లలోనూ లక్షణాలు కొద్దిగా తగ్గాయి. రెండింటికీ మధ్య తేడా మాత్రం లేదు.

ఈ ఫలితాన్ని తప్పుగా చదవటానికి రెండు మార్గాలున్నాయి. సంగీతం వల్ల ఏమీ కాదు, ఖర్చు దండుగ అనటం ఒకటి. పరిశోధన తప్పు, మా అనుభవం మాకు తెలుసు అనటం రెండవది. మొదటిది లెక్కల గుమాస్తా మాట. రెండవది భక్తుడి మాట. రెండూ మనకు పనికిరావు. పరిశోధన నిజాయితీ గలది; దాని జవాబు నిజమే. కాని వారు అడిగిన ప్రశ్న ఏమిటి? సంగీతం వల్ల ఈ పిల్లవాడు తక్కువ ఆటిస్టిక్‌గా కనిపిస్తున్నాడా అని అడిగారు. ఒక మందును గురించి అడగవలసిన ప్రశ్న అది. ఒక కళను గురించి అడగవలసిన ప్రశ్న కూడా అదేనా?

తరువాత వచ్చిన పరిశోధనలు ఈ సంగతిని మరింత విశదం చేస్తాయి. కాక్రేన్ సంస్థ 2022లో 26 పరిశోధనలనూ, 1165 మందినీ కలిపి సమీక్షించింది. మాటలో, సైగలో, నలుగురితో కలవటంలో చికిత్స ముగిసేనాటికి స్పష్టమైన తేడా కనిపించలేదన్నది. అయితే మొత్తంమీద మెరుగుదల, లక్షణాల మొత్తం తీవ్రత, జీవనంలోని సౌఖ్యం, ఈ మూడింటిలోనూ సంగీతం మేలు చేస్తున్నట్లు మధ్యస్థమైన నమ్మకంతో చెప్పవచ్చునన్నది. మాంట్రియల్‌లో 2018లో మేఘా శారద, ఆమె సహచరులు 6 నుండి 12 ఏళ్ళ వయసుగల 51 మంది పిల్లలలో ఒక జట్టుకు సంగీతం, మరొక జట్టుకు సంగీతం లేని ఆటలు 8 నుండి 12 వారాలు ఇచ్చి చూశారు. సంగీతం అందిన పిల్లలు ఎదుటివారితో సంభాషించటంలో మెరుగయ్యారనీ, ఇంటి జీవితం బాగుపడిందనీ తల్లిదండ్రులు చెప్పారు. తొమ్మిది దేశాల పరిశోధనలో పాల్గొన్న పిల్లలలో కొందరిని కరిన్ మోస్లర్ ప్రభృతులు విడిగా పరిశీలించి 2019లో ప్రకటించిన విషయం అన్నింటికంటె ముఖ్యమైనది. వాద్యకారుడు పిల్లవాడి భావానికీ లయకూ ఎంతవరకు తగినట్లు నడుచుకున్నాడన్నదాన్నిబట్టి ఫలితం మారింది. మన మాటలో చెప్పాలంటే, వంత సరిగా ఉన్నచోట కథ నడిచింది. ఎన్ని గంటల సంగీతం తాగించారన్నదానికంటె ఎవరు, ఎట్లా జవాబిచ్చారన్నది ముఖ్యమని తేలింది.

ఇక్కడ ఆటిజం ఉన్న పెద్దవారి మాట కూడా వినటం న్యాయం. 1993లో జిమ్ సింక్లెయిర్ అనే అమెరికన్, తాను స్వయంగా ఆటిస్టిక్, మా కోసం దుఃఖించకండి అని తల్లిదండ్రులకు చెప్పి పెద్ద చర్చకు దారితీశారు. ఆటిజం పిల్లవాణ్ణి మింగిన భూతం కాదు, వాడి ఉనికే అని సింక్లెయిర్ వాదం. 2012లో బ్రిటన్‌కు చెందిన డామియన్ మిల్టన్, ఆయన కూడా ఆటిస్టికే, ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఆటిజం ఉన్నవారు ఇతరులను అర్థం చేసుకోలేకపోవటం ఎంత నిజమో, ఇతరులు వారిని అర్థం చేసుకోలేకపోవటమూ అంతే నిజం; ఇది ఒకరి లోపం కాదు, ఇద్దరి మధ్య తెగిన దారి అని ఆయన చూపించాడు. అమెరికాలో మైకేల్ బేకన్ అనే సంగీత శాస్త్రజ్ఞుడు చికిత్స అనే మాటనే పక్కకు పెట్టి, పిల్లలను తోటి కళాకారులుగా కూర్చోబెట్టి వాయించాడు. 2018లో ఆటిజం ఉన్న సంగీతప్రియులతో తన సంభాషణలను ఒక పుస్తకంగా ప్రకటించాడు.

ఈ వాదాన్ని పూర్తిగా ఒప్పుకోవటంలో కూడా ఒక ఇబ్బంది ఉన్నది. తన గురించి తాను రాయగలిగినవాడి అవసరాలూ, నాలుగేళ్ళు వచ్చినా ఆకలి అని చెప్పలేక తల బాదుకునే పిల్లవాడి అవసరాలూ ఒకటి కావు. ఆ పిల్లవాడికి అడిగే మార్గం కావాలి, పళ్ళు తోముకోవటం రావాలి, రాత్రి నిద్ర రావాలి. వాటికి పాట ఉపయోగపడితే వాడుకోవటంలో తప్పేమీ లేదు. పిల్లవాడికి పనికివచ్చే నేర్పును పాటతో నేర్పటం వేరు. చూసేవారికి ఇబ్బంది లేకుండా పిల్లవాణ్ణి చెక్కటం వేరు. మొదటిది చదువు, రెండవది చదువు కాదు.

5

ఆచరణలో ఇది ఎట్లా ఉంటుంది? పెట్రా కెర్న్, డేవిడ్ ఆల్‌డ్రిడ్జ్ 2006లో ప్రకటించిన ఒక చిన్న పరిశోధనను ఉపాధ్యాయులంతా తెలుసుకోదగును. ఆటిజం ఉన్న నలుగురు చిన్నపిల్లలు తక్కిన పిల్లలతో కలిసి చదివే శిశుపాఠశాల అది. ఆట స్థలంలో ఈ నలుగురూ ఒంటరిగా తిరిగేవారు. అక్కడ వాద్యాలు అమర్చిన ఒక సంగీత కుటీరం కట్టారు. పిల్లలు దాని దగ్గరకు వచ్చారు, వాయించారు. కాని కుటీరం ఒక్కదానివల్ల తోటిపిల్లలతో కలవటం పెరగలేదు. తరువాత ఒక్కొక్క పిల్లవాడికి తగినట్లు ఒక్కొక్క పాట కట్టి, ఆ పాటను ఉపాధ్యాయులకూ తోటిపిల్లలకూ నేర్పారు. అప్పుడు కలవటం పెరిగింది. వాద్యాలు కొని గదిలో పడేస్తే సంగీతం కాదు. పాట తెలిసిన మనుషులు చుట్టూ ఉంటేనే సంగీతం. నేర్చుకోవలసింది ఆటిజం ఉన్న పిల్లవాడు ఒక్కడే కాదు, తరగతి మొత్తం.

ఇల్లు కూడా ఇందులో భాగమే. ఆస్ట్రేలియాలో గ్రేస్ థాంప్సన్, ఆమె సహచరులు 23 మంది చిన్నపిల్లల ఇళ్ళకు 16 వారాలు వెళ్ళి, తల్లిదండ్రులతో కలిసి పాడి ఆడారు. 2014లో వారు ప్రకటించిన ఫలితంలో పిల్లలు నలుగురితో మెలగటం మెరుగైంది. తల్లిదండ్రులకూ బిడ్డలకూ మధ్య బంధం గట్టిపడింది. భాషలో మాత్రం తేడా రాలేదు. ఈ చివరి వాక్యాన్ని దాచకుండా చెప్పటమే శాస్త్రం.

పాటకు ఈ శక్తి ఎక్కడిది? పాటకు మొదలూ చివరా ఉంటాయి. పల్లవి తిరిగి వస్తుందని ముందే తెలుసు. ఏం జరగబోతుందో తెలియక బెదిరే పిల్లవాడికి ఇది పెద్ద ఆసరా. ప్రతి ఉదయం ఒకే పాటతో తరగతి మొదలై, ఒకే పాటతో ముగిస్తే రోజుకు ఒక ఆకారం వస్తుంది. తెలిసిన పాటలో చివరి మాట దగ్గర ఉపాధ్యాయురాలు ఆగితే, ఆ ఖాళీ పిల్లవాణ్ణి పిలుస్తుంది. మాట రానివాడు చేత్తో కొట్టవచ్చు, ఊగవచ్చు, చూడవచ్చు; అదీ జవాబే. ఆ జవాబుకోసం ఆగటమే అన్నింటికంటె కష్టమైన విద్య. మనం సాధారణంగా రెండు సెకన్లు కూడా ఆగం.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. మైకులో హోరెత్తే పాట కొందరు పిల్లలకు దెబ్బ తగిలినంత బాధ. బడి వార్షికోత్సవంలో చెవులు మూసుకుని మూల కూర్చున్నవాణ్ణి వేదికమీదికి లాగటం సంగీతం కాదు, హింస. గొంతు తగ్గించాలి, గదిలోంచి పోయే దారి తెరచి ఉంచాలి. ఏ పాట పిల్లవాడికి ప్రాణమో దాన్ని లంచంగా వాడకూడదు. అన్నం తింటేనే పాట అని బేరం పెట్టినరోజున ఆ పాట వాడిది కాకుండాపోతుంది.

6

కళను మందు చేయగానే దానికి సీసా, చీటీ, ధర వస్తాయి. 1993లో అమెరికాలో 36 మంది కళాశాల విద్యార్థులకు మొజార్ట్ రచన పది నిమిషాలు వినిపిస్తే, ఒక రకమైన లెక్కలలో కొద్ది నిమిషాలసేపు మార్కులు పెరిగాయి. ఉన్నది అంతే. దానిమీద చంటిపిల్లల తెలివి పెంచే రికార్డుల వ్యాపారం లేచింది. 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు, పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక సంగీతపు డిస్కు ఇవ్వటానికి బడ్జెట్టులో సొమ్ము కోరాడు. బిడ్డ తల్లికి వైద్యం, సెలవు, పాలు ఇవ్వటంకంటె డిస్కు చవక.

ఆటిజం పిల్లల తల్లిదండ్రులకు అమ్మిన సరుకు ఇంకా ఉన్నది. చెవులకు యంత్రం తగిలించి, మార్చిన సంగీతాన్ని పది రోజులపాటు రోజుకు రెండు అరగంటలు వినిపిస్తే వినికిడి సర్దుకుంటుందని ఫ్రెంచి వైద్యుడు గై బెరార్ ప్రచారం చేశాడు. 2011 నాటి కాక్రేన్ సమీక్ష, ఈ పద్ధతిని సమర్థించే నిదర్శనం లేదని తేల్చింది. ఇందులో లోపం ఏమిటో మన సూత్రాన్నిబట్టి చూడగానే తెలుస్తుంది. అందులో యంత్రం ఉన్నది, చెవి ఉన్నది. జవాబిచ్చే మనిషి లేడు.

మన దేశంలో ఇదే వ్యాపారం రాగాల పేరుతో సాగుతుంది. ఫలానా రాగం ఫలానా జబ్బును కుదుర్చుతుందని పట్టికలు వేసి అమ్ముతారు. ముత్తుస్వామి దీక్షితులు శిష్యుడి కడుపునొప్పి తగ్గించటానికి గ్రహాలమీద కీర్తన కట్టాడన్న కథను రుజువుగా చూపుతారు. కథ అందమైనదే, దీక్షితుల కృతులు అంతకంటె అందమైనవి. కాని పరంపరను ప్రేమించటం ఒకటి, దాన్ని ఆశగొన్న తల్లికి అమ్ముకోవటం ఒకటి. ఆ పట్టికలవల్ల సంగీతానికీ గౌరవం లేదు, పిల్లవాడికీ మేలు లేదు.

7

ఇక మన కర్తవ్యం ఏమిటి? పేద దేశంలో అన్నం తరువాత గదా పాట అని అనేవారు ఉంటారు. అయితే పేదవాడి ఇంట్లో పాట ఎప్పుడూ అన్నం తరువాత రాలేదు. నాట్లలో, దంపుళ్ళలో, ఉయ్యాల దగ్గర అన్నంతోపాటే ఉన్నది. లక్షణాలు తగ్గవని తేలితే ప్రభుత్వం సొమ్ము ఎందుకు పెట్టాలి అని మరికొందరు అడుగుతారు. తక్కిన పిల్లలకు బడిలో పాట నేర్పేటప్పుడు, దానివల్ల వారి లక్షణాలు ఎంత తగ్గాయని ఎవరు అడుగుతున్నారు? ఆడుకునే హక్కు, కళలలో పాల్గొనే హక్కు ప్రతి బిడ్డకూ ఉన్నదని 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చెబుతున్నది. 1992లో మన దేశం దానికి అంగీకరించింది. ఆటిజం ఉన్న బిడ్డ మాత్రమే తన పాటకు ప్రయోజన పత్రం సమర్పించుకోవాలా?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. చట్టం నిర్ణయించిన మేరకు వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్య హక్కు అన్నది. అయితే ఆ హక్కు ఆరేళ్ళకు మొదలై 18 ఏళ్ళకు ముగుస్తుంది. పాటతో, ఆటతో, తోటిపిల్లలతో అత్యధికంగా పని ఉన్న మూడేళ్ళ నుండి ఆరేళ్ళ దాకా వయసు ఆ హామీకి వెలుపల పడింది. ఆ వయసు పేదపిల్లలు ఉండే చోటు అంగన్‌వాడీ. 1975లో మొదలైన ఈ కేంద్రాలలో పాట మొదటినుండీ పాఠంలో భాగమే. 2013 నుండి ఆరోగ్య బృందాలు పిల్లలను పరీక్షిస్తున్నాయి. వైకల్యమున్న పిల్లలను అంగన్‌వాడీలలో చేర్చుకోవటానికి 2023లో కేంద్రప్రభుత్వం ఒక నియమావళి కూడా వెలువరించింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆ పాట పాడవలసిన మనిషి సంగతి ఏమిటి? ఆమెకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు వేతనాలకోసం మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగింది. పిల్లవాడి జవాబుకోసం ఓపికగా ఆగాలని ఆమెకు ఉపన్యాసం ఇచ్చే ముందు, ఆగటానికి ఆమెకు తీరిక ఎవరు ఇచ్చారో అడగాలి. రిజిస్టర్లు, వంట, సర్వేలు, బరువులు, అన్నీ ఆమె చేతనే చేయిస్తూ వంత పాడమంటే ఎట్లా?

అందుచేత అడగవలసినవి స్పష్టంగా అడగాలి. విద్యా హక్కు మూడో ఏటినుండే మొదలు కావాలి. అంగన్‌వాడీ కార్యకర్తలకూ ఉపాధ్యాయులకూ ఇచ్చే శిక్షణలో, ఆటిజం ఉన్న పిల్లలతో పాటను వాడే పద్ధతి భాగం కావాలి. మేధో వైకల్యం ఉన్నవారికోసం కేంద్రప్రభుత్వం 1984లో సికింద్రాబాదులో నెలకొల్పిన జాతీయ సంస్థ ఈ రాష్ట్రాల మధ్యనే ఉన్నది. ప్రత్యేక ఉపాధ్యాయులను తయారుచేస్తున్నది. అక్కడి విద్య నగరం దాటి మండలాలకు చేరే ఏర్పాటు కావాలి. నగరంలో గంటకింత అని రుసుము చెల్లించగలవారికే సంగీతం అందితే, కానర్ గుమ్మం ముందు జరిగిందే మన గుమ్మాల ముందూ జరుగుతుంది.

రచయితలు చేయవలసిన పని కూడా ఉన్నది. మనకు జోలలున్నాయి, చెమ్మచెక్క వంటి ఆటపాటలున్నాయి, ఏలలున్నాయి, వంతుకు వంతు బదులిచ్చే బుర్రకథ ఉన్నది. పియానో లేదని చింతించనవసరం లేదు; కంజీర, డప్పు, చిడతలు చాలు. కావలసినవి చిన్న మాటలతో, తిరిగి వచ్చే పల్లవితో, మధ్యలో పిల్లవాడికి చోటు విడిచిపెట్టిన కొత్త పాటలు: చేతులు కడుక్కోవటానికి, బడికి రావటానికి, భయం వేసినప్పుడు చెప్పటానికి. ఆ పాటలను బిడ్డ పుట్టిన ఊరి యాసలో కట్టాలి. వాటిని కట్టేముందు ఆ పిల్లల తల్లులనూ, ఉపాధ్యాయులనూ, మాట్లాడగల ఆటిజం పెద్దలనూ అడగాలి.

సంగీతం మందు అయితే, రోగం తగ్గనినాడు దాన్ని ఆపెయ్యవచ్చు. అది ఇద్దరి మధ్య మాట అయితే ఆపే హక్కు ఎవరికీ లేదు. మాట రాని బిడ్డ డప్పుమీద వేసిన దెబ్బ ఒక మాటే. దానికి జవాబివ్వవలసిన బాధ్యత ఆ గదిలో ఉన్న పెద్దవారిది. ఆ పెద్దవారికి తీరికా, శిక్షణా, జీతమూ ఇవ్వవలసిన బాధ్యత ప్రభుత్వానిది.